డిస్క్ ఖాళీగా ఉన్నా అపాచీ ‘చోటు లేదు’ అంటోందా? రీబూట్ కొట్టే ముందు సెమఫోర్లు లెక్కపెట్టండి

మీ ప్రశ్న చదువుతుంటే నవ్వొచ్చింది. మీ మీద కాదు, నా మీద నాకే. సెంటాస్ 6 లైనక్స్ మీద అపాచీ 2.2 వెబ్ సర్వర్, నెలకో నెలన్నరకో ఒకసారి అర్ధరాత్రి సైట్ పడిపోతుంది, మళ్లీ లేపబోతే ఎర్రర్ లాగ్‌లో ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్, కుడెంట్ క్రియేట్ యాక్సెప్ట్ లాక్’ అంటుంది, డిస్క్ చూస్తే సగానికి పైగా ఖాళీ, రీబూట్ కొడితే ఏమీ జరగనట్టు లేచి కూర్చుంటుంది. పైవాళ్లు డిస్క్ పెంచమంటున్నారు, పెంచాలా అని అడిగారు. వద్దు. మేం పెంచాం, 500 జీబీది కొని మరీ పెంచాం, ఆ ముచ్చట కింద చెప్తా.

ముందు అసలు విషయం చెప్పేస్తా, మీరు టెన్షన్‌లో ఉంటారు కాబట్టి. మీ దగ్గర నిండింది చాలావరకు డిస్క్ అయ్యుండదు, కెర్నల్‌లోని, అంటే లైనక్స్ మూల భాగంలోని, సెమఫోర్ల పట్టిక అయ్యుంటుంది. సెమఫోర్ అంటే ప్రాసెస్‌లు వంతులవారీగా పనిచేయడానికి వాడుకునే తాళం లాంటిది. ఈసారి సైట్ పడినప్పుడు రీబూట్ చెయ్యకుండా ‘ఐపీసీఎస్ -ఎస్’ అని కొట్టండి, ఉన్న సెమఫోర్ల జాబితా వస్తుంది. అపాచీ యూజర్ పేరు మీద వంద పైచిలుకు లైన్లు బారుగా దిగితే అదే జబ్బు. మూడో నాలుగో వస్తే నేను రాసేది మీకు వర్తించదు, చదవడం ఇక్కడితో ఆపేయొచ్చు.

మాది చిన్న ఆఫీసు, సర్వర్ కూడా మూల గదిలో ఏసీ కింద ఉండే ఒకే ఒక్క పెట్టె. అందులోనే అపాచీ 2.2.15, అందులోనే పోస్ట్‌గ్రెస్ 8.4 డేటాబేస్, అందులోనే బ్యాకప్. మొదటిసారి పడినప్పుడు అందరూ చేసేదే నేనూ చేశాను. ‘డీఎఫ్ -హెచ్’ చూశాను, 41 శాతమే వాడకం. ఐనోడ్లు, అంటే ఒక్కో ఫైల్‌కి ఒకటి చొప్పున ఖర్చయ్యే నమోదులు, అయిపోయాయేమో అని ‘డీఎఫ్ -ఐ’ చూశాను, పీహెచ్‌పీ సెషన్ ఫైళ్లు లక్షల్లో పేరుకుపోతే అలా అవుతుంది కదా, అదీ కాదు. చెరిపేసిన లాగ్ ఫైల్‌ని ఏదో ప్రాసెస్ ఇంకా పట్టుకుని కూర్చుందేమో అని ‘ఎల్‌ఎస్‌ఓఎఫ్’ పెట్టి వెతికాను, ఏం లేదు. రూట్ కోసం పక్కన పెట్టే 5 శాతం కూడా గుర్తొచ్చింది, కానీ అపాచీని స్టార్ట్ చేసేది రూటే అయినప్పుడు దానికి ఆ ఇబ్బంది ఎందుకుంటుంది? ఈలోగా ఫోన్లు మొదలయ్యాయి. రీబూట్ కొట్టాను, లేచింది, పడుకున్నాను.

మళ్లీ నలభై రోజులకి. ఆ తర్వాత నలభై మూడుకి. మా అకౌంట్స్ సెక్షన్ పెద్దాయన ‘ఏం బాబూ, మీ సర్వర్‌కి మండలం పూర్తయిందా, ఇరుముడి ఎప్పుడు’ అని అడిగేవాడు. అందరం నవ్వుకున్నాం గానీ ఆయన ఎగతాళిగా అన్న మాటలోనే అసలు ఆధారం ఉందని నాకు అప్పుడు తట్టలేదు. ఇన్ని రోజులకోసారి అని లెక్కగా వస్తోందంటే ఎక్కడో ఏదో రోజుకింత చొప్పున పోగవుతోందని అర్థం.

మూడోసారి పడ్డాక మేనేజర్‌గారు ఇంక ఆగలేదు. ‘చోటు లేదని అదే మొత్తుకుంటుంటే మీరు వినరేమయ్యా’ అని 500 జీబీ డిస్క్ తెప్పించారు. డిస్క్ పెట్టడానికి సర్వర్ ఆపి మళ్లీ ఆన్ చెయ్యాలి కదా. అంటే రీబూట్ అయింది. అంటే నలభై రోజుల లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలైంది. ఆ నలభై రోజులూ ఏ గొడవా లేదు, డిస్కే సమస్య అని అందరూ నమ్మేశారు, నేను కూడా. తర్వాత మళ్లీ పడింది. ఈసారి ‘కొత్త డిస్క్ కూడా డూప్లికేట్ అంటగట్టాడు’ అని అమ్మినవాడి మీద పడ్డారు, పాపం.

ఆరోసారి పడినప్పుడు నేను మొండికేశాను. అరగంట టైం ఇవ్వండి, రీబూట్ మాత్రం చెయ్యను అన్నాను. మా లాగ్‌లో వచ్చేది మీకు వచ్చే లైను కాదు, ‘మాడ్ రీరైట్, కుడ్ నాట్ క్రియేట్ రీరైట్ లాగ్ లాక్’ అని వచ్చేది, కానీ రెండింటి ముందూ బ్రాకెట్లలో అదే 28 ఉంటుంది చూడండి. అది ఎర్రర్ నంబరు. పక్కనున్న ‘నో స్పేస్’ వాక్యం ఆ నంబరుకి లైనక్స్ చదివే తాత్పర్యం మాత్రమే. ప్రోగ్రాం కెర్నల్‌ని అడిగే ప్రతి పనినీ (కాల్) చూపించే ‘ఎస్‌ట్రేస్’ కింద పెట్టి అపాచీని స్టార్ట్ చేశాను. వందల లైన్ల చివర దొరికింది. ఫెయిలైంది ఫైల్ తెరవడమో రాయడమో కాదు, ‘సెమ్‌గెట్’ అనే కాల్. దాని మాన్యువల్ పేజీ తీస్తే ఉంది, కొత్త సెమఫోర్ సెట్ కావాలని అడిగినప్పుడు సిస్టమ్ మొత్తానికి ఉన్న హద్దు దాటిపోతుంటే ఇదే 28 తిప్పి పంపుతారట. డిస్క్ నిండినా 28, ఐనోడ్లు అయిపోయినా 28, ఫైల్ మార్పుల మీద కన్నేసే ఇనోటిఫై వాచ్‌లు అయిపోయినా 28, సెమఫోర్లు అయిపోయినా 28. అన్నిటికీ ఒకటే బోర్డు.

సెమఫోర్ సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పాత ప్రీఫోర్క్ అపాచీలో పిల్ల ప్రాసెస్‌లు చాలా ఉంటాయి, కొత్త కనెక్షన్ వచ్చినప్పుడల్లా అందరూ ఒక్కసారే ఎగబడకుండా ఒక తాళం ఉంటుంది, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే కనెక్షన్ అందుకుంటారు. అదే యాక్సెప్ట్ లాక్. లైనక్స్ మీద అపాచీ 2.2 ఆ తాళాన్ని మామూలుగా సిస్టమ్ ఫైవ్ సెమఫోర్‌తో చేస్తుంది, దాని గుణం ఏంటంటే చేసిన ప్రాసెస్ చచ్చిపోయినా అది పోదు, ఎవరో ఒకరు పనిగట్టుకుని తీసేయాలి, లేదా మెషిన్ రీబూట్ అవ్వాలి. స్టేషన్ ఎదురుగా ఉండే లాడ్జి అనుకోండి. దిగినవాడు చెప్పి ఖాళీ చేస్తే రిజిస్టర్‌లో పేరు కొట్టేస్తారు. చెప్పకుండా కిటికీ దూకి పోతే గది ఖాళీగానే ఉంటుంది గానీ రిజిస్టర్‌లో నిండే ఉంటుంది. ఇలాంటివాళ్లు 128 మంది అయ్యాక, లోపల ఒక్క మనిషి లేకపోయినా గుమాస్తా ‘ఖాళీల్లేవు’ అంటాడు.

128 ఊరికే అన్నది కాదు. ‘/ప్రాక్/సిస్/కెర్నల్/సెమ్’ ఫైల్ చూడండి, నాలుగు అంకెలుంటాయి, సెంటాస్ 6లో 250, 32000, 32, 128. చివరిదే మొత్తం సెట్ల హద్దు. మా దగ్గర ఆ రాత్రి ‘ఐపీసీఎస్ -ఎస్’ 127 లైన్లు చూపించింది. 7 పోస్ట్‌గ్రెస్‌వి, 120 అపాచీవి, అదీ ఒక్క అపాచీ ప్రాసెస్ కూడా నడవనప్పుడు.

ఇక్కడ నేను చేసిన వెధవ పని చెప్పాలి, మీరు చెయ్యకూడదు కాబట్టి. దొరికిందన్న ఉత్సాహంలో జాబితాలో ఉన్న ఐడీలన్నీ లూప్ పెట్టి ‘ఐపీసీఆర్‌ఎం’తో తుడిచేశాను. అపాచీ టక్కున లేచింది. ఒక్క నిమిషంలో డేటాబేస్ పడిపోయింది. ఆ ఏడూ పోస్ట్‌గ్రెస్ వాడుకుంటున్నవి, వాటినీ పీకేశాను. అదృష్టం బాగుండి పోస్ట్‌గ్రెస్ రీస్టార్ట్ చేస్తే సర్దుకుంది. కాబట్టి మీరు ముందు అపాచీ పూర్తిగా ఆగిందని ‘పీఎస్’లో చూసుకుని, ఓనర్ కాలమ్‌లో అపాచీ అని ఉన్న ఐడీలని మాత్రమే తీయండి. పోస్ట్‌గ్రెస్‌వి ఓనర్ పేరుతోనే కాదు, ఒక్కో సెట్‌లో 17 సెమఫోర్లు ఉండటంతో కూడా గుర్తుపట్టొచ్చు.

సరే, రీబూట్ లేకుండా లేపాం. మరి ఆ 120 ఎక్కడి నుంచి వచ్చాయి? అపాచీని మర్యాదగా ఆపితే అది తన సెమఫోర్లు తనే తీసేసుకుంటుంది. అపాచీ 2.2 డాక్యుమెంటేషన్‌లో యాక్సెప్ట్ మ్యూటెక్స్ గురించి ఉన్న చోట కూడా ఈ హెచ్చరిక ఉంది, అపాచీ సెమఫోర్‌ని శుభ్రం చేయకుండానే చచ్చిపోయే వీలుందని. అంటే మా దగ్గర ఎవరో దాన్ని రోజూ చంపుతున్నారు. పాత లాగ్‌లు తిరగేస్తే కళ్లెదురుగానే ఉంది. దాదాపు ప్రతి రాత్రి రెండు దాటి ఐదు నిమిషాలకి ‘పిడ్ ఫైల్ ఓవర్‌రిటెన్, అన్‌క్లీన్ షట్‌డౌన్ ఆఫ్ ప్రీవియస్ అపాచీ రన్?’ అనే వార్నింగ్, దాని కిందే మామూలుగా స్టార్టయిన లైను. మామూలుగా ఆపినప్పుడు పడే ‘కాట్ సిగ్‌టర్మ్, షటింగ్ డౌన్’ మాత్రం పైన లేదు. ఆ లైన్లు నేను చూడక కాదు, లాగ్ రొటేషన్‌వి కాబోలని వదిలేశాను. వార్నింగే కదా, ఎర్రర్ కాదు కదా అని.

రూట్ క్రాన్‌లో, అంటే వేళ ప్రకారం పనులు నడిపే పట్టికలో, దొరికింది. మా కంటే ముందు పనిచేసి వెళ్లిపోయిన ఎవరో ఒక కాపలా స్క్రిప్ట్ పెట్టారు. ఐదు నిమిషాలకోసారి ‘కర్ల్’తో హోమ్ పేజీ అడుగుతుంది, పది సెకన్లలో జవాబు రాకపోతే ‘కిల్‌ఆల్ -9 హెచ్‌టీటీపీడీ’ కొట్టి, రెండు సెకన్లు ఆగి మళ్లీ స్టార్ట్ చేస్తుంది. కిల్ 9 అంటే ప్రాసెస్‌కి చివరి మాట చెప్పుకునే అవకాశం కూడా ఉండదు, సెమఫోర్ తీయడం సంగతి దేవుడెరుగు. రాత్రి రెండింటికి డేటాబేస్ బ్యాకప్ మొదలవుతుంది, అదే డిస్క్ మీద డంప్ తీసి అక్కడే కంప్రెస్ చేస్తుంది, ఆ ఆరేడు నిమిషాలు సర్వర్ నత్తనడక. రెండూ ఐదుకి కాపలావాడు వస్తాడు, జవాబు రాదు, పీక నులుముతాడు. రెండూ పదికి వచ్చేసరికి అంతా బాగుంటుంది. ఆ టైంలో సైట్ చూసేవాళ్లు లేరు కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు.

ఇప్పుడు లెక్క చూడండి, నాకు ఒళ్లు జలదరించింది ఇక్కడే. మా సెటప్‌లో అపాచీ స్టార్టయినప్పుడల్లా మూడు సెట్లు తీసుకుంటుంది, యాక్సెప్ట్ లాక్‌కి ఒకటి, ఎస్‌ఎస్‌ఎల్‌కి ఒకటి, రీరైట్‌కి ఒకటి. రోజుకో హత్య, రోజుకి మూడు అనాథలు. పోస్ట్‌గ్రెస్ ఏడు పోగా మిగిలేది 121. నలభై సార్లు మూడు 120. నలభయ్యో హత్య తర్వాత ఒక్కటే మిగులుతుంది, మూడు కావాలి, ఇంక లేవదు. బ్యాకప్ తొందరగా అయిపోయిన రాత్రులు కొన్ని తప్పించుకునేవి, అందుకే ఒకసారి నలభై, ఒకసారి నలభై మూడు. మండలం అన్న పెద్దాయనకి ఆ మర్నాడు టీ నేనే ఇప్పించాను.

ఏం సరిచేశామంటే, స్క్రిప్ట్‌లో కిల్ 9 తీసేసి ముందు మామూలు స్టాప్ పెట్టాం, ముప్పై సెకన్లు ఆగాక కూడా చావకపోతేనే కిల్ 9, ఆ దారిలో వెళ్తే మాత్రం స్టార్ట్‌కి ముందు అపాచీ ఓనర్‌గా ఉన్న సెమఫోర్లు తుడిచే లైను కూడా. కర్ల్ టైం అరవై సెకన్లు చేశాం. బ్యాకప్‌ని కొత్త డిస్క్ మీదకి మార్చాం, మిగతా పనులకి దారిచ్చేలా ‘నైస్’ తగిలించాం. అవును, ఆ 500 జీబీ డిస్క్ చివరికి పనికొచ్చింది, మేనేజర్‌గారు ఇప్పటికీ ఆ డిస్క్ వల్లే బాగైందని అంటారు, నేనూ కాదనను.

నెట్‌లో వెతికితే ఎక్కువమంది ఇచ్చే సలహా ఆ 128ని 1024 చేసేయమని. చేయొచ్చు, కానీ నలభై రోజులు కాస్తా ఏడాది అవుతుంది అంతే, అప్పటికి మీరు ఇదంతా మర్చిపోయి ఉంటారు, ఇంకా కష్టం. ‘యాక్సెప్ట్ మ్యూటెక్స్’ని ‘ఎఫ్‌సీఎన్‌టీఎల్’కి మార్చడం కాస్త మంచి పద్ధతి, ఫైల్ లాక్ కాబట్టి ప్రాసెస్ పోగానే కెర్నలే విడిపిస్తుంది, లాక్ ఫైల్ నెట్‌వర్క్ డిస్క్ మీద లేకుండా చూసుకోండి. కాకపోతే అది ఒక్క యాక్సెప్ట్ లాక్‌నే మారుస్తుంది, మిగతా మాడ్యూళ్ల తాళాలు దాని పరిధిలో లేవు. అన్నిటినీ ఒకేచోట మార్చే ‘మ్యూటెక్స్’ సెట్టింగ్ 2.4లోనే వచ్చింది.

అపాచీ 2.2కి 2017 తర్వాత కొత్త విడుదల లేదు, సెంటాస్ 6కి 2020 నవంబరుతో అప్‌డేట్లు ఆగిపోయాయి. మారండి, అది వేరే చెప్పాలా. కానీ సెంటాస్ 7కి మారితే ఈ బాధ పోతుందనుకోకండి, దాని 3.10 కెర్నల్‌లో కూడా హద్దు 128నే, పైగా దాని గడువు కూడా 2024 జూన్‌తో అయిపోయింది. 3.19 కెర్నల్ నుంచి ఆ హద్దు 32000 అయింది. రోజుకి మూడు చొప్పున కారితే అది నిండటానికి 29 ఏళ్లు పడుతుంది, అప్పటికి నేను రిటైరైపోయి ఉంటాను కాబట్టి నాకు ఫర్వాలేదు.

మీ సంగతికొస్తే, పడేదాకా ఆగాల్సిన పనిలేదు. ఇవాళే ‘ఐపీసీఎస్ -ఎస్’ లైన్లు లెక్కపెట్టి రాసుకోండి, రేపు పొద్దున ఇంకోసారి లెక్కపెట్టండి. పెరిగితే ఎన్ని పెరిగాయో, ఎర్రర్ లాగ్‌లో ఆ ‘అన్‌క్లీన్ షట్‌డౌన్’ వార్నింగ్ ఏ టైంకి పడిందో ఇక్కడ రాయండి. ఆ టైంకి క్రాన్‌లో ఏముందో కూడా. మీ దగ్గర కాపలా స్క్రిప్ట్ ఏదీ లేకపోతే, మెమరీ చాలక కెర్నలే అపాచీని చంపుతోందేమో ‘/వార్/లాగ్/మెసేజెస్’లో ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అని వెతకండి, అది కొట్టేదీ కిల్ 9 లాంటి దెబ్బే.