చిట్టీ డబ్బుతో సోలారా? ముందు మీ కరెంటు బిల్లు తీయండి

ప్రశ్న: మాది నల్గొండ. భార్యాభర్తలం ఇద్దరం ప్రైవేటు స్కూల్లో టీచర్లం. నెలకు 10,000 చొప్పున 25 నెలల చిట్టీ కడుతున్నాం. మొన్న ఎత్తుకుంటే 2 లక్షలు చేతికొచ్చాయి, ఇంకా 14 కిస్తీలున్నాయి. నగల మీద 80,000 లోను ఉంది, నూటికి రూపాయి వడ్డీ. ఈ డబ్బుతో ఇల్లు కొంచెం ‘గ్రీన్’గా, ఆరోగ్యంగా మార్చుకోవాలని మా ఆశ. సోలార్, ఆర్వో ఫిల్టర్, ఒక ఏసీ, నెలనెలా ఆర్గానిక్ సరుకులు అనుకున్నాం. మాకు తెల్ల రేషన్ కార్డుంది, చాలా నెలలు జీరో బిల్లే వస్తుంది. ఎండాకాలం నాలుగు నెలలు మాత్రం 280 యూనిట్ల దాకా కాలి 1,700 పైనే కడుతున్నాం. మా అత్తమ్మది మర్రిగూడ దిక్కు, మోకాళ్ల నొప్పులతో బాధపడుతోంది. ఏది ముందు చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. ‘2 లక్షలు వచ్చాయి’ అన్నారు. నిజానికి వచ్చింది పొదుపు కాదు, అప్పు. 14 కిస్తీలంటే లక్షా నలభై వేల దాకా మీరు ఇంకా కట్టాల్సిందే. చిట్టీ పాడిన రోజు ఇంట్లో పండగలా ఉంటుంది, కిస్తీ తారీఖున ఆ సంగతి గుర్తుకొస్తుంది. మా ఇంట్లోనూ అంతే. అందుకని ఈ డబ్బును మీరు గెలుచుకున్నట్టు కాక, దాచమని ఎవరో ఇచ్చినట్టు చూడండి.

మొదట నగలు విడిపించండి. 80,000కి నెలకు 800 వడ్డీ ఊరికే పోతోంది. మీరు రాసిన వస్తువుల్లో నెలకు 800 కచ్చితంగా మిగిల్చేది ఒక్కటీ లేదు. తర్వాత ఆరు కిస్తీలకు సరిపడా 60,000 పక్కన డిపాజిట్ చేయండి. వేసవి సెలవుల్లో ప్రైవేటు స్కూళ్ల జీతాలు ఎట్లుంటాయో నేను మీకు చెప్పనక్కర్లేదు. ఇంకో 30,000 దవాఖాన ఖర్చులకని బ్యాంకులో ఉండనివ్వండి. ఇక ఇంటికి మిగిలేది 30,000. చిన్నబుచ్చుకోకండి, మీరు కోరుకున్న దాంట్లో చాలా భాగానికి ఇది సరిపోతుంది.

ఇప్పుడు ఎండాకాలం బిల్లు చేతిలోకి తీసుకోండి. తెల్ల కార్డున్న ఇళ్లకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో 200 యూనిట్ల లోపు వాడితే జీరో. 200 దాటితే పైన కాలిన దానికే కాదు, మొత్తానికీ కట్టాలి. పైగా 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్ల రేటే యూనిట్‌కు 5 రూపాయల 10 పైసలు, ఆ పైన 300 దాకా 7 రూపాయల 70 పైసలు. మీ 280కి లెక్క కట్టండి: 1,020, దాని మీద 616. ఫిక్స్‌డ్ ఛార్జీలూ అవీ ఇవీ కలిసి మీరు చెప్పిన 1,700 అవుతుంది. అంటే మీరు తగ్గించాల్సింది 80 యూనిట్లు, మిగిలేది నెలకు 1,700.

ఆ 80 ఎక్కడున్నాయంటే, మీ తల మీదే తిరుగుతున్నాయి. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది. కరెంటు తక్కువ తినే కొత్త రకం మోటరున్న బీఎల్‌డీసీ ఫ్యాను ఫుల్ స్పీడులో 30 వాట్ల దగ్గరే ఉంటుంది. ఎండాకాలం రోజుకు 16 గంటలు తిరిగినా ఒక్కో ఫ్యానుకు నెలకు 21 యూనిట్లు పైనే మిగులుతాయి. హాల్లో ఒకటి, బెడ్రూముల్లో రెండు మారిస్తే 65. ఒక్కోటి 3,000 అనుకున్నా 9,000లో పని అయిపోతుంది. బిగించేటప్పుడు పాత రెగ్యులేటర్ తీసేసి నేరుగా స్విచ్‌కు కలపమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి, లేకపోతే ఫ్యాను పాడవుతుంది. చోక్ ఉన్న పాత ట్యూబులైట్లు మూడుంటే అవీ ఎల్‌ఈడీకి మార్చండి, ఇంకో 16 యూనిట్లు. ట్యాంకు నిండి నీళ్లు పొర్లుతున్నా ఎవరూ పట్టించుకోని ఒక హార్స్‌పవర్ మోటరు రోజుకు ఇరవై నిమిషాలు ఎక్కువ తిరిగితే నెలకు ఏడు యూనిట్లు పైనే. అన్నీ కలిపితే మీటరు 190 దగ్గర ఆగుతుంది. బొటాబొటే, కాదనను. అందుకే డాబా సంగతి కూడా చూడాలి.

మే నెలలో రాత్రి పదకొండింటికి మీ ఇంట్లో మంచం మీద నిలబడి చెయ్యెత్తి చూడండి, స్లాబు నుంచి సెగ తెలుస్తుంది. పగలంతా తాగిన ఎండను స్లాబు రాత్రి పూట కక్కుతుంది. ఫ్యాను ఆ వేడిగాలినే మన మీదికి తోస్తుంది. డాబాను బాగా ఊడ్చి, కడిగి, సున్నంలో జిగురు కలిపి రెండు కోటింగులు వేయిస్తే ఎండ చాలావరకు వెనక్కి పోతుంది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ వెనక ఉన్నదీ ఈ సూత్రమే. మీ ఇంటికి 2,500 అవుతుందేమో. వానలకు కొంత కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా ఒకసారి వేయాలి. శివరాత్రి లోపు వేయించుకోండి, ఆ తర్వాత పగటి పూట డాబా మీద మనిషి నిలబడలేడు.

ఏసీ మాట ఇక్కడే తేలిపోతుంది. రాత్రికి ఆరు యూనిట్లు కాలినా నెలకు 180. దాంతో జీరో బిల్లు పోయినట్టే, పైగా 300 దాటి యూనిట్‌కు 9 రూపాయల రేటులో పడతారు. అది షాపులో చెప్పే ధరతో అయిపోయే ఖర్చు కాదు.

సోలార్ చెడ్డదని నేననను. ఇంటి మీద సోలార్ పెట్టుకుంటే కేంద్రం సాయం చేసే పథకం పీఎం సూర్యఘర్‌లో 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ వస్తుంది. ఒక కిలోవాట్ రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. ఏడాది పొడుగునా 400 యూనిట్లు కాల్చి నెలకు 2,700 కట్టే మీ పక్కింటాయన పెట్టుకుంటే సబ్సిడీ పోను పెట్టిన డబ్బు నాలుగైదేళ్లలో తిరిగొస్తుంది. మీకు జీరో బిల్లు. సున్నాలో నుంచి ఏం తీసేస్తారు? పైగా సబ్సిడీ తర్వాత అకౌంట్లో పడుతుంది, మొదట డబ్బు పెట్టాల్సింది మీరే. రేపు కార్డు పోయినా, ఇంటి మీద ఇంకో అంతస్తు వేసి వాడకం పెరిగినా అప్పుడు చూద్దాం.

నీళ్ల విషయం మాత్రం నల్గొండలో తేలిగ్గా తీసుకోకూడదు. మీ అత్తమ్మ వాళ్ల మర్రిగూడ దిక్కు బోరు నీళ్లలో ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడ్ భయం ఉంది. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు. మరిగిస్తే పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టర్ దాన్ని ఆపలేదు. ఆర్వో ఆపుతుంది, కాని లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. ఆ నీళ్లతో ఇల్లు తుడవొచ్చు, వంటకు మాత్రం వద్దు. అసలు మీకు ఆర్వో అవసరమా కాదా అన్నది మీరు తాగేది నల్లా నీళ్లా, బోరు నీళ్లా అన్నదాని మీద ఉంటుంది. ఇంటికి మిషన్ భగీరథ నల్లాలో కృష్ణా నీళ్లు వస్తుంటే తాగడానికి, వండడానికి అవే పట్టుకోండి. బోరు నీళ్లు తప్పకపోతే మొదట ఒక సీసాలో పట్టి నీటి పరీక్ష ల్యాబులో ఇవ్వండి, ఫ్లోరైడ్ చూడమని ప్రత్యేకంగా అడగండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే బాగు, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. అది దాటితేనే ఫిల్టర్.

నేను మోసపోయిన ముచ్చట కూడా చెప్తాను. మహబూబ్‌నగర్‌లో మా ఇంటికి ఒకతను వచ్చి రెండు గ్లాసులు పెట్టాడు, ఒకదాంట్లో మా నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో అతని ఆర్వో నీళ్లు. ఇనుప కడ్డీలున్న చిన్న మిషను ప్లగ్గులో పెట్టి ముంచాడు. రెండు నిమిషాల్లో మా గ్లాసు తుప్పు నీళ్లలా మారింది, అతనిది అలాగే తేటగా ఉంది. మా ఆవిడ ముఖం చూసి నేను అప్పుడే చెక్కు రాసిచ్చాను. తర్వాత తెలిసింది, నీళ్లలో మామూలు లవణాలుంటే కరెంటు పారి ఆ కడ్డీల ఇనుమే కరిగి రంగొస్తుందని. ఆర్వో నీళ్లలో లవణాలు చాలా తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు, రంగు రాదు. నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎన్నో చూపే పెన్నులాంటి టీడీఎస్ మీటరు పెట్టి అంకె చూపించినా అంతే, అది ఫ్లోరైడ్ చెప్పదు. ల్యాబు కాగితం మీ చేతిలో ఉంటే అలాంటివాళ్లను గేటు దగ్గరే పంపించొచ్చు.

అత్తమ్మ నొప్పులకు ఫ్లోరైడే కారణమో, వయసో డాక్టరు చెప్పాలి. ఎముకల్లో ఏనాడో చేరినదాన్ని ఏ ఫిల్టరూ తీయదు. ఆమె కోసమని ఖర్చు చేయాలనుకుంటే ముందు డాక్టరు ఫీజు కట్టండి.

ఆర్గానిక్ సరుకులకు నెలకు అదనంగా రెండు మూడు వేలు పెట్టే బడ్జెట్ కిస్తీలు అయిపోయేదాకా మీకు లేదు. రాత్రి అన్నం బదులు వారానికి నాలుగు రోజులు జొన్నరొట్టె తినండి, అది మనకు కొత్త కాదు. పగిలిన బకెట్లలో కొత్తిమీర, పుదీనా, పాలకూర వేసుకోండి. టెర్రస్ గార్డెన్ కిట్ అని ఐదు వేలకు అమ్మేవి కొనకండి. రోజూ దోమల కాయిల్ వెలిగిస్తుంటే మాత్రం ఆ పొగ మానేసి కిటికీలకు జాలీ కొట్టించండి, 3,000 అవుతుంది.

ఫ్యాన్లు, లైట్లు, సున్నం, జాలీ, నీటి పరీక్ష అన్నీ కలిపి 16,000 దాటవు. మిగిలిన 14,000 ల్యాబు రిపోర్టు వచ్చేదాకా కదిలించకండి. ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఫిల్టర్‌కు, లేకపోతే ఇంకో కిస్తీకి. మే నెల బిల్లు రాగానే ఫొటో తీసి నాకు పంపండి. 200 దాటి ఉంటే ఫ్రిజ్ ఎన్నేళ్లదో కూడా రాయండి, తర్వాత దాని సంగతి చూద్దాం.