రిపోర్ట్‌లో 84 శాతం ఉన్నా లాప్‌టాప్ మధ్యలో ఆగిపోతుంటే బ్యాటరీ బాగున్నట్టేనా?

మీరు అడిగినదాంట్లో రెండు సంగతులు కలిసిపోయాయండి. నాలుగేళ్ల లాప్‌టాప్ గంటన్నరకి మించి రావట్లేదు అన్నది ఒకటి, ఇంకా 25 శాతం చూపిస్తుండగానే టక్కున ఆగిపోతోంది అన్నది ఇంకోటి. రిపోర్ట్‌లో 84 ఉంది కదా, మరి బ్యాటరీ బాగానే ఉన్నట్టేగా అంటున్నారు. నన్నడిగితే ఆ టక్కున ఆగిపోవడమే అసలు జబ్బు.

విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ కమాండ్ కొడితే వచ్చే బ్యాటరీ రిపోర్ట్‌లో డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టాల్సిన చార్జ్), ఫుల్ చార్జ్ కెపాసిటీ (ఇప్పుడు ఫుల్‌గా పడుతున్న చార్జ్) అని ఉంటాయి, మీవి 50,000, 42,000 మిల్లీవాట్ అవర్లు అన్నారు కాబట్టి లెక్క 84కే వస్తుంది. కాకపోతే ఆ 42,000 అనేది బ్యాటరీ ప్యాక్ లోపలుండే చిన్న చిప్ వేసుకున్న అంచనా, లోపలికెంత కరెంట్ వెళ్లింది బయటికెంత వచ్చింది అని పద్దు రాసుకుంటూ పోతుంది అది. ఎప్పుడూ చార్జర్‌కి తగిలించే వాడుతుంటే ఆ పద్దు మెల్లగా తప్పుతుంది, ఫుల్ నుంచి దాదాపు ఖాళీ దాకా ఎప్పుడైనా దిగితేనే కదా అది సరిచూసుకునేది.

నా పాత లాప్‌టాప్ టేబుల్ మీదే ఉండేది, రిపోర్ట్ తీస్తే 90కి దగ్గరగా చూపించేది. ఓ రోజు చార్జర్ తీసి వీడియో కాల్‌లో ఉంటే 40 దాకా బుద్ధిగానే దిగింది, తర్వాత 31 నుంచి ఒక్కసారిగా 7కి పడి స్క్రీన్ నల్లగా అయిపోయింది. పూర్తిగా దింపి మళ్లీ ఫుల్ ఎక్కించాక రిపోర్ట్ చూస్తే 60ల్లోకి వచ్చింది. రాత్రికి రాత్రి బ్యాటరీ ఏం పాడవలేదు, చిప్ అప్పుడు నిజం చెప్పింది అంతే.

ఇంకోటుంది, ఇది ఆ శాతంలో అసలు కనపడదు. బ్యాటరీ పాతబడేకొద్దీ లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది. ట్యాంకులో నీళ్లున్నా పైపు పూడుకుపోయినట్టు, చార్జ్ ఉంటుంది గానీ ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ లాగితే ఇవ్వలేదు, వోల్టేజ్ దభాల్న పడిపోతుంది, లాప్‌టాప్ ఆగిపోతుంది. అందుకే బరువైన పనేదీ పెట్టకుండా చూస్తే అన్ని బ్యాటరీలూ మంచివే అనిపిస్తాయి.

కాబట్టి ఇలా చేయండి. పని అంతా సేవ్ చేసుకుని, ఫుల్ చార్జ్ చేసి, చార్జర్ తీసేసి, బ్రైట్‌నెస్ సగంలో పెట్టి ఏదో ఒక వీడియో ఆడిస్తూ పావుగంటకోసారి శాతం రాసుకోండి. కాస్త అటూఇటూగా ఒకే స్పీడ్‌లో దిగితే పర్లేదు. పై సగం నిదానంగా, కింది సగం జారుడుబండలా ఉంటే అనుమానించాల్సిందే. 50 దగ్గరికొచ్చాక వీడియో ఎక్స్‌పోర్టో గేమో ఏదైనా బరువైన పని పెట్టండి, అప్పుడు పది పన్నెండు శాతం ఒకేసారి ఎగిరిపోయినా, ఆగిపోయినా రిపోర్ట్ ఏం చెప్పినా సరే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే.

గంటన్నర సంగతి మాత్రం బ్యాటరీ మీదకే తోసేయకండి. 42 వాట్ అవర్లు నిజంగానే ఉంటే, మామూలు బ్రౌజింగ్‌కి 10 వాట్లు లాగినా నాలుగు గంటలు రావాలి, అదే బ్యాక్‌గ్రౌండ్‌లో ఏదో తిరుగుతూ 28 వాట్లు లాగుతుంటే కొత్త బ్యాటరీ వేసినా రెండు గంటలు రాదు. టాస్క్ మేనేజర్‌లో ఎవరు తింటున్నారో ఓసారి చూడండి, గ్రాఫిక్స్ కార్డ్ ఊరికే ఆన్‌లో ఉందేమో కూడా.

సైకిల్ కౌంట్‌ని, అంటే బ్యాటరీ ఎన్నిసార్లు ఫుల్ చార్జ్ అంత వాడకం చూసిందో ఆ లెక్కని, నేను పెద్దగా పట్టించుకోను, కొన్ని లాప్‌టాప్‌లలో అక్కడ గీత తప్ప ఏమీ ఉండదు, పైగా వేడిలో 100 శాతం మీదే కూర్చున్న బ్యాటరీ సైకిల్స్ తక్కువున్నా ముసలిదే అవుతుంది.

అన్నట్టు ఇవన్నీ మొదలెట్టే ముందు లాప్‌టాప్ మూసి చదునైన టేబుల్ మీద పెట్టి చూడండి. ఊగుతున్నా, టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బి క్లిక్ పడకపోయినా ఏ టెస్టూ వద్దు, చార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, సర్వీస్ వాళ్లకి ఇచ్చి తీయించేయండి.

ఉబ్బు లేకపోతే ఒకసారి పూర్తిగా దింపి ఎక్కించి మళ్లీ చూడండి. 5 శాతం దాకా సాఫీగా దిగిందా, రిపోర్ట్ 70కి పడినా ఇంకొన్నాళ్లు వాడుకోవచ్చు. మళ్లీ 25 దగ్గరే ఆగితే మార్చేయండి, కొత్తది వేశాక ఎక్కువసేపు చార్జర్ మీదే ఉంచుతారనుకుంటే బయాస్‌లో (విండోస్ మొదలవ్వకముందు తెరిచే సెట్టింగ్స్‌లో) గానీ కంపెనీ యాప్‌లో గానీ 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే లిమిట్ ఉందేమో చూసి పెట్టేయండి.