కరెంటు లేని గూడెంలో తక్కువ ఖర్చుతో సోలార్ దీపాలు పెట్టాలంటే ఏం చూసుకోవాలి?

పాడేరు వైపు కొండ మీద, కరెంటు స్తంభాలు చేరని గూడెంలో పాతిక ముప్పై ఇళ్లకు సోలార్ లైట్లు ఇద్దామని స్నేహితులంతా కలిసి డబ్బు పోగేశామన్నారు. ఏ లైటు కొంటే చవకగా అయిపోతుందని అడిగారు. ఆ చుట్టుపక్కల గూడేల్లో ఇదే పని మీద నేను కొన్నేళ్లు తిరిగాను. ఏ లైటు కొనాలో తర్వాత చూద్దాం, అది ఆగిపోయిన రోజు ఎవరు బాగుచేస్తారో ముందు తేల్చుకోండి. మీ డబ్బులో కొంత దానికోసమే పక్కన పెట్టండి.

పాడైపోయాయని అటక మీద పడేసిన లైట్లు చాలా విప్పి చూశాం. ఎక్కువ వాటిలో బ్యాటరీ, ప్యానెల్ రెండూ బాగానే ఉండేవి. వైరు కొస ఊడిపోవడమో, ఫ్యూజు కాలిపోవడమో, అంతే. కానీ ఆ చిన్న ఫ్యూజు కోసం కొండ దిగి వెళ్తే ఒక రోజు కూలి పోతుంది. దిగినా, అది దొరికే షాపు సంతలో ఉండదు.

ఒక గూడెంలో డ్వాక్రా సంఘం నుంచి ఓ అమ్మాయికి ఈ పని నేర్పించారు. ఐదో తరగతితో చదువు ఆపేసిన పిల్ల. లైటు వెలగట్లేదంటే ముందు ప్యానెల్ వెనక డబ్బా మూత తీసేది. వానలకు రాగి తీగకు పచ్చగా చిలుము పట్టి ఉంటే చాకుతో గీకి, మెరిసేదాకా శుభ్రం చేసి, మళ్లీ బిగించి టేపు చుట్టేది. ఎరుపు వైరు ఎక్కడికి, నలుపు ఎక్కడికి అన్నది రంగుతోనే గుర్తు. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ వాళ్లు చదువురాని అవ్వలకు కూడా ఇలాగే రంగులు చూపించి సోలార్ పని నేర్పారు, కాబట్టి చదువు అడ్డమని అనుకోకండి. ఆ అమ్మాయికి కరెంటు కొలిచే ఓ మల్టీమీటరు, వైర్లు అతికించే సోల్డరింగ్ సామాను, కొన్ని ఫ్యూజులు, బల్బులు ఇచ్చి, నెలకు ఇంతని సంఘం నుంచే చెల్లించేవాళ్లు. పక్క గూడేలతో పోలిస్తే అక్కడి దీపాలు ఎంతో ఎక్కువ కాలం వెలిగాయి.

ఇక లెక్క. మూడు వాట్ల బల్బులు రెండు, రాత్రికి నాలుగు గంటలు వెలిగితే 24 వాట్-గంటల కరెంటు కావాలి. పది వాట్ల ప్యానెల్ మంచి ఎండలో ఒక రోజులో ఇచ్చేది సుమారు 40, నష్టాలు పోగా బ్యాటరీలో మిగిలేది ఇంచుమించు ఆ దీపాలకు సరిపడా. చాలుతుంది అనిపిస్తుంది. కానీ ఇంట్లో ఫోన్ ఉంటుంది! ఒక ఫోను నిండా ఛార్జ్ కావడానికి దాదాపు ఆ రాత్రి దీపాలకు అయినంత కరెంటు కావాలి. ఛార్జింగ్ పిన్ లేని లైటు ఇస్తే, బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగేస్తారు, దాంతో బ్యాటరీ పూర్తిగా దిగిపోయి చచ్చిపోతుంది. తప్పు వాళ్లది కాదు, ఫోను కూడా వాళ్ల అవసరమే. అందుకే ఇరవై వాట్ల ప్యానెల్, ఛార్జింగ్ పిన్ ఉన్న సెట్టు తీసుకోండి. బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌దే కొనండి. పన్నెండు వోల్టులు, ఆరు ఆంపియర్-గంటలది అయితే ముసురు పట్టినా దీపాల వరకు రెండు మూడు రాత్రులు నడుస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ చవకే కానీ సగానికి మించి వాడితే త్వరగా పోతుంది, పైగా దాన్ని కొండెక్కించడమే ఒక శ్రమ. ప్యానెల్ దక్షిణం వైపు కొంచెం వాల్చి పెట్టండి. పనస చెట్టు నీడ ఒక మూల పడినా కరెంటు బాగా తగ్గిపోతుంది. ఇది చాలామంది పట్టించుకోరు.

పూర్తిగా ఉచితంగా ఇవ్వకండి. పేదలకు సోలార్ దీపాలు అందించే సెల్కో సంస్థ స్థాపకుల్లో ఒకరైన హరీష్ హండేకి ఓ వీధి వ్యాపారి చెప్పిన మాట ఒకటుంది: నెలకు మూడొందలంటే కష్టం, రోజుకు పదంటే పర్లేదని. ఏజెన్సీలో డబ్బు చేతికొచ్చేది వారపు సంతలోనూ, కాఫీ, పసుపు అమ్మిన నెలల్లోనూ. వాయిదాలు వాటికి సరిపడేలా పెట్టండి. టార్చి సెల్లులకు, కొవ్వొత్తులకు ఇల్లిల్లూ ఎంత ఖర్చుపెడుతోందో అడిగి, అంతకు మించకుండా చూడండి. ఆ డబ్బు గూడెం పేరు మీదే దాచితే, కొన్నేళ్లకు బ్యాటరీ మార్చాల్సి వచ్చినప్పుడు మళ్లీ ఎవరినీ అడగక్కర్లేదు.

కొనేముందు గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఆఫీసులో ఒకసారి కనుక్కోండి. ఆ గూడెంలో కొండరెడ్లు, ఖోండు, గదబ, పోర్జ తెగల్లోని కొన్ని శాఖల వంటి పీవీటీజీ (బాగా వెనకబడినవిగా ప్రభుత్వం గుర్తించిన గిరిజన తెగల) కుటుంబాలుంటే, 2023లో మొదలైన కేంద్ర పథకం పీఎం జన్‌మన్ కింద లైను వేయలేని ఇళ్లకు యాభై వేల దాకా విలువైన సోలార్ సెట్టుకు అవకాశం కల్పించారు. 2017 నాటి సౌభాగ్య పథకంలో అలాంటి ఇళ్లకు ఐదు బల్బులు, ఒక ఫ్యాను, ఐదేళ్ల మరమ్మతు కలిపి ఇవ్వాలని రాశారు. వాటిలో ఏదైనా ఆ గూడేనికి ఇప్పటికే వచ్చి మూలపడి ఉంటే, కొత్తవి కొనకుండా వాటినే బాగు చేయించండి, సగం ఖర్చు మిగులుతుంది.

ఏదీ లేకపోతే ముందు రెండు సెట్లే కొని, జూన్‌లోగా రెండిళ్లలో బిగించండి. వానాకాలం గడిచాక అవి ఎలా ఉన్నాయో చూసి మిగతావి ఆర్డర్ పెట్టండి.