జీఐ గేటు మీద ఎనామెల్ ఎందుకు నిలవదు?

"కొత్త గేటుకు రెండు పూతలు సింథటిక్ ఎనామెల్ వేయించాను, ఏడాది తిరగకుండానే పొరలుగా లేచిపోతోంది, నాసిరకం డబ్బా అంటగట్టారా?" అని అడిగారు. డబ్బాను తిట్టకండి. మీ గేటు జీఐ రేకుతో, అంటే జింకు పూత పూసిన ఇనుప రేకుతో చేసిందే అయి ఉంటుంది. నూటికి తొంభై పాళ్లు అదే.

2014లో రాజమండ్రిలో మా ఇంటికి జీఐ రేకుల గేటు పెట్టించాం. పెయింటర్ ఎమరీ కాగితంతో పైపైన రుద్ది ముదురు ఆకుపచ్చ ఎనామెల్ వేశాడు. మరుసటి వానాకాలం వెళ్లేసరికి, గోటితో గీరితే అరచేతి వెడల్పు పొర ఉల్లిపొట్టులా ఊడి వచ్చింది. కింద తుప్పు చుక్కైనా లేదు, జింకు తళతళలాడుతోంది. పొర వెనకవైపు తెల్లటి మెత్తని పొడి, పట్టుకుంటే వేళ్లకు జారుడుగా ఉంది. ఆ గేటుకే పాత ఇంటి నుంచి తెచ్చిన మామూలు ఇనుప గడియ ఉంది. అదే డబ్బా, అదే బ్రష్షు, అదే రోజు వేసిన రంగు. దాని మీద గోరు కూడా దిగలేదు!

ఆ గడియను చూశాకే నాకు విషయం తట్టింది. సింథటిక్ అన్న పేరు విని మనం దాన్ని ప్లాస్టిక్ అనుకుంటాం. అందులోని ఆల్కిడ్ రెజిన్‌ను గ్లిజరాల్, థాలిక్ ఆన్‌హైడ్రైడ్ లాంటివాటితో పాటు అవిసె, సోయా నూనెల కొవ్వు ఆమ్లాలు కలిపి చేస్తారు. టర్పెంటైన్ ఆవిరయ్యాక ఆ నూనె గొలుసులు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఒకదానికొకటి అల్లుకుంటేనే పూత గట్టిపడుతుంది. సగం వాడిన డబ్బాలో మీగడ కట్టేదీ అందుకే. నూనెకు క్షారం తగిలితే సబ్బవుతుంది కదా, తడి చేరిన జింకు దగ్గరా దాదాపు అదే జరుగుతుంది. పూత అడుగున జింకు సబ్బు తయారై పట్టు వదిలేస్తుంది. పచ్చి సిమెంటు గోడ మీద ఎనామెల్ వేస్తే ఆ సిమెంటులోని సున్నం కూడా ఇదే పని చేస్తుంది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఖర్చు తగ్గుతుందని కొందరు పెయింటర్లు ఎనామెల్‌లో కిరోసిన్ కలిపేస్తారు. అది త్వరగా ఆరదు, నిగారింపును చంపేస్తుంది. అంత డబ్బు పెట్టి మంచి రంగు కొని అందులో కిరోసిన్ పోయించుకోవడం ఏమిటి? మూత తీసినప్పటి నుంచి దగ్గరే నిలబడండి.

ఇప్పుడు ఉన్నదంతా గీకించండి, జిడ్డు పోయేలా కడిగించి ఆరనివ్వండి. జింకుకు పనికొచ్చే ఎచ్ (etch) ప్రైమర్, అంటే లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే తొలిపూత, అడిగి కొనండి. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఇవ్వబోతే వద్దనండి, అదీ ఎక్కువగా ఆల్కిడే. ఆ పైన ఎనామెల్. 2016లో మేం అలాగే చేశాం, నిలిచింది. గడియను మాత్రం ముట్టుకోలేదు. దాని మీద ఇంకా 2014 నాటి ఆకుపచ్చే ఉంది, కాస్త వెలిసింది, అంతే.