కొత్త లెక్కల పుస్తకాలతో బడులకు వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి దీవెనలు.

అమలాపురం చుట్టుపక్కల సీబీఎస్ఈ స్కూళ్లలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల కొత్త లెక్కల పుస్తకాలు సరిగ్గా నడిచేలా చూసే పని నీకు అప్పజెప్పారని తెలిసి చాలా సంతోషించాను. ఎక్కడ మొదలుపెట్టమంటారని అడిగావు. ట్రైనింగుతో మాత్రం మొదలుపెట్టకు. ఏదో ఒక బడిలో ఆరో తరగతి గదిలోకి వెళ్లి మొదలుపెట్టు.

2012లో మన రాష్ట్రంలో ఆరు, ఏడు తరగతుల పుస్తకాలు మారినప్పుడు దగ్గరుండి చూశాను. ట్రైనింగులో మాస్టార్లందరూ బాగుందన్నారు. తీరా బడికెళ్లాక బోర్డు మీద మళ్లీ పాత వరసే: సూత్రం, రెండు ఉదాహరణలు, అభ్యాసం. వాళ్లను తప్పుపట్టలేం. కొత్త పద్ధతిలో పిల్లలు ఏం మాట్లాడతారో, ఎక్కడ ఆగిపోతారో, పీరియడ్ చాలుతుందో లేదో కళ్లతో చూడనిదే ఏ మాస్టారికీ ధైర్యం రాదు. ఆ ధైర్యం కలిగించడమే నీ పని. మొదటిసారి వెళ్లినప్పుడు “ఒక్క పీరియడ్ నేను చెబుతానండీ, మీరు వెనక కూర్చుని పిల్లల్ని గమనించండి” అని అడుగు. మీరు చెప్పండి, నేను చూస్తాను అన్నావో, అది ఇన్‌స్పెక్షన్ అయిపోతుంది. ఆ పూటకు చక్కటి పాఠం చూపిస్తారు. మర్నాడు అంతా మామూలే.

బడుల్లో ఏం, ఎలా నేర్పాలో చెప్పే జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2023లో వచ్చాక, పాఠ్యపుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ 2024లో ఆరో తరగతికి, 2025లో ఏడు, ఎనిమిది తరగతులకు ఈ పుస్తకాలు తెచ్చింది. నాకు నచ్చాయి. లెక్క చేయించే ముందు ఆలోచింపజేస్తాయి. కాకపోతే పుస్తకంలోని ఉదాహరణతోనే ఆగిపోవాలని లేదు. ఆరో తరగతిలో రుణ సంఖ్యలు లిఫ్టులో పైకీ కిందికీ తిరగడంతో మొదలవుతాయి. మంచి ఆలోచనే. అయితే మన పిల్లలకు అంతకంటే దగ్గరిది ఒకటుంది. జూలై, ఆగస్టు వచ్చిందంటే గోదావరి మధ్యనున్న లంకల్లో ప్రతి ఇంట్లోనూ ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం చూపే గేజీ గురించే మాట. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అని ఐదో క్లాసు పిల్లాడు కూడా చెబుతాడు. బోర్డు మీద నిలువుగా ఒక గీత గీసి, 11.75 దగ్గర సున్నా పెట్టు. నీళ్లు 13.75లో ఉంటే +2, 9.75లో ఉంటే −2, 10.75లో ఉంటే −1. ఇప్పుడు −2 పెద్దదా, −1 పెద్దదా అని అడుగు. సగం మంది −2 అంటారు. తప్పని చెప్పకు. “నీళ్లు ఎప్పుడు ఎక్కువున్నట్టురా?” అని అడిగి ఊరుకో. వాళ్లలో వాళ్లే వాదించుకుని దారిలోకి వస్తారు. వెనక కూర్చున్న మాస్టారు చూడాల్సింది సరిగ్గా ఆ వాదనే.

ఏడో తరగతిలో మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకు వస్తుందో చెప్పడానికీ ఆ గీతే చాలు. నీళ్లు రోజుకు రెండడుగులు తగ్గుతున్నాయనుకో, అది −2. మూడు రోజుల కిందట అంటే −3. అప్పుడు నీళ్లు ఇవాళ్టి కంటే ఆరడుగులు ఎక్కువ, అంటే −2ని −3తో గుణిస్తే +6. సూత్రం బట్టీ పట్టించాల్సిన అవసరమే రాదు.

ఇంతా చేసి మొదటి యూనిట్ టెస్టు పేపరు పాతదే ఇస్తే అంతా గోదాట్లో కలిసినట్టే. మాస్టార్లు పేపర్ని చూసి పాఠం చెబుతారు, అది సహజం. అందుకే టెస్టుకు ముందే ప్రిన్సిపాల్‌తో మాట్లాడు. పేపరంతా మార్చమనకు. “ఒకడు −5 కంటే −3 చిన్నదని రాశాడు, ఎందుకు తప్పో చెప్పు” లాంటివి రెండు మూడు చేర్చమను. అవి వచ్చాయంటే క్లాసులో పాఠం దానంతటదే మారుతుంది.

భాగహారం రాకుండా ఆరుకు వచ్చే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. వాళ్ల కోసం కొత్త పాఠం ఆపొద్దు, వాళ్లను వదిలేసి ముందుకూ పోవద్దు. రోజూ పది నిమిషాలు పాతవాటికి తీసిపెట్టమను. ఎక్కాలు కూడా అందులోనే.

ఎక్కాలంటే గుర్తొచ్చింది. పేరెంట్స్ మీటింగులో మొదటి కంప్లయింటు అదే అవుతుంది: “ఆడించడమే తప్ప ఎక్కాలు చెప్పట్లేదండీ” అని. టెన్షన్ పడకు, వాదించకు. అక్కడున్న రైతునొకర్ని అడుగు: కౌలు ఎకరానికి ఇరవై బస్తాలైతే ఎకరం ముప్పావుకు ఎన్ని? ముప్పై ఐదని నోటితో చెప్పేస్తాడు. ఎలా కట్టారండీ అని అడిగితే ఎకరానికి ఇరవై, అరెకరానికి పది, పావుకు ఐదు అంటాడు. మీ పిల్లలు నేర్చుకుంటున్నది ఇదేనండీ అని చెప్పు. ఎక్కాలు కూడా చెబుతున్నామని నోటుబుక్కు తెరిచి చూపించు. ఆ భయం నిజమైనది, దానికి జవాబు చెప్పి తీరాలి.

నెలకోసారి మాస్టార్లందరినీ కూర్చోబెట్టు. స్లైడ్లు వద్దు. ఒక్కొక్కరినీ నాలుగైదు నోటుబుక్కులు తెమ్మను, బాగా రాసినవి కాదు, తప్పులున్నవి. ఒకే తప్పు మీద అరగంట మాట్లాడుకున్నా ఫర్వాలేదు. పుస్తకంలోని పజిళ్లు ముందు వాళ్లనే చేయనివ్వు. సీనియర్లకు తట్టనిది కొత్తగా చేరిన మేడంకి తడితే ఆమె చేతే చెప్పించు.

మొదట్లో రెండు మూడు బడులకు మించి పెట్టుకోకు. వరద సెలవులకు పోయే రోజుల్ని ముందే లెక్కలో వేసుకుని, పెద్ద పాఠాలను దసరా తర్వాతికి జరుపు. యూనిట్ టెస్టు పేపరు తయారయ్యాక నాకు పంపు. కూర్చుని ఒక్కో ప్రశ్నా చూసి రాస్తాను.

ఆశీస్సులతో,
మాస్టారు