బరువు చూడకండి, పెచ్చులు చూడండి

ఇట్రియా (ఇట్రియం ఆక్సైడ్) కలిపిన ఓడీఎస్ అలాయ్, అంటే సన్నటి ఆక్సైడ్ రేణువులు లోహమంతా కలిపి బలం పెంచిన అలాయ్, ఎక్కువ వేడిలో మామూలు అలాయ్ కంటే తక్కువ ఆక్సిడైజ్ అవుతుందా అని అడిగారు. అవుతుంది, కానీ ఆ తేడా బరువు లెక్కల్లో వెతికితే (ఆక్సిజన్ అంటుకుంటే బరువు పెరుగుద్ది కదా) మోసపోతారు, నేను మోసపోయాను.

విజయనగరంలో ఎంటెక్ చేసేటప్పుడు 1100 డిగ్రీల ఫర్నేస్‌లో రెండు ముక్కలు పెట్టా, రెండూ ఇనుము-క్రోమియం-అల్యూమినియం రకమే, ఒకదాంట్లో మాత్రం ఎంఏ956 అనే ఓడీఎస్ అలాయ్‌లో లాగ అర శాతం ఇట్రియా. మధ్యలో కరెంటు పోయింది (మాకు గాలేస్తే చాలు పోద్ది, జనరేటర్ ఉంది గానీ డీజిల్‌కి సంతకం పెట్టే ఆయన ఉండడు). తలుపు తీస్తే లోపల్నుంచి టిక్కు టిక్కు మని చప్పుడు. ల్యాబ్ అటెండర్ గారు "ఏటి బాబూ, ఆవాలు ఏగుతున్నాయేటి?" అన్నారు. నవ్వేశా. పొద్దున తూస్తే ఇట్రియా ముక్క బరువు పెరిగింది, మామూలుది పెద్దగా పెరగలేదు, ఇంకేముంది, ఇట్రియా దండగ అని రిపోర్ట్ రాసిపడేశా. సాయంత్రం ఆ అటెండర్ గారే మామూలు ముక్క పెట్టిన క్రూసిబుల్ (వేడికి తట్టుకునే గిన్నె) కడగబోయి, అడుగున బూడిదరంగు పొలుసులు చూపించారు. పెరిగిన బరువంతా అక్కడుంది, ఆ టిక్కు టిక్కు పెచ్చులు ఊడే చప్పుడే!

కళింగపట్నంలో మా ఇంటి గోడా ఇంతే, ఉప్పుగాలికి పెచ్చు లోపల్నుంచే వదిలేస్తది, పైన ఎన్ని సున్నాలేసినా దండగే. ఇక్కడ ఉప్పు బదులు సల్ఫర్, లోహంలో ఉన్న ఆ కాస్తా, పైన కాపలాగా ఏర్పడే అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొర కిందకి చేరి పట్టు వదిలించేస్తది. ఇట్రియం దాన్ని కట్టేస్తది, పైగా పొరలో గ్రెయిన్ల (సన్నటి స్ఫటికాల) సందుల్లో కూర్చుని అల్యూమినియం బయటికి రాకుండా ఆపుతుంది, అందుకే పొర ముడతలు పడకుండా నెమ్మదిగా పెరుగుతుంది.

అలాగని ఓడీఎస్ అనగానే కాలదు అనుకోకండి, సెమినార్లలో ఈ మాట వింటే ఒళ్ళు మండుద్ది. 1960లలో థోరియా (థోరియం ఆక్సైడ్) కలిపిన టీడీ నికెల్ అనే ఓడీఎస్ లోహం వచ్చింది, బలం బ్రహ్మాండం, ఆక్సిడేషన్‌లో మాత్రం ఉత్త నికెల్ లాగే, ఆ తర్వాత క్రోమియం కలపాల్సి వచ్చింది. ఆ క్రోమియం ఆక్సైడ్ పొర కూడా 1000 డిగ్రీలు దాటితే ఆవిరైపోతూ ఉంటది, అప్పుడూ బరువు అబద్ధమే చెప్తది. అల్యూమినా రకమైనా సరే, రేకు పల్చనైతే లోపలి అల్యూమినియం తొందరగా అయిపోయి, ఒక్కసారిగా ఇనుము కాలడం మొదలవుద్ది.

మీరు చేసేటట్టైతే ఒక్కో ముక్కకి ఒక్కో క్రూసిబుల్, మూతతో సహా, ముక్కనీ క్రూసిబుల్‌నీ కలిపి ఒకసారి, ముక్కని విడిగా ఒకసారి తూచండి. ఖాళీ క్రూసిబుల్‌ని ముందే కాల్చి, బరువు నిలకడగా ఉందని చూసుకున్నాకే వాడండి.