నెట్ పోయి పోకర్‌లో ఓడిపోతే డబ్బు వెనక్కి ఇస్తారా? స్పాన్సర్‌ని నమ్ముకోవచ్చా?

మీరు రాసి అడిగిన ఈ రెండింట్లో మొదటి ప్రశ్నకి జవాబు చిన్నదే: ఇవ్వరు. రెండోది నేను చేతులు కాల్చుకుని తెలుసుకున్నది, కాబట్టి కాస్త పెద్దగా చెప్తాను.

2019లో బెంగళూరులో పీజీలో ఉండేవాణ్ణి. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు 2017లోనే నిషేధించారు, కర్ణాటకలో అప్పటికింకా ఆ గొడవ లేదు. ఒక ఆదివారం రాత్రి టోర్నమెంట్‌లో పదకొండు మందిమి మిగిలాం. నా చేతిలో రెండు కింగులు. ముందువాడు ఆల్-ఇన్, అంటే తన దగ్గరున్నదంతా పందెం, అన్నాడు. ఆ పందేనికి సరే అని కాల్ నొక్కబోతుండగా వానకి కరెంటు పోయింది, దాంతోపాటే రౌటరూ. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, యాప్ మళ్లీ లాగిన్ అడిగి, ఓటీపీ వచ్చేసరికి టైమ్ బ్యాంక్, అంటే ఆలోచించుకోడానికి ఇచ్చే అదనపు సమయం, అయిపోయింది. తెర మీద నా కార్డులు లేవు. ఫోల్డ్! కార్డులు వదిలేసినట్టే. నెట్ ఇంకో రెండుసార్లు తెగింది. మనం లేకపోయినా బ్లైండ్లు, అంటే వంతు వచ్చినప్పుడు తప్పనిసరిగా పెట్టాల్సిన పందేలు, మాత్రం కోసుకుంటూనే ఉంటారు.

కస్టమర్ కేర్‌కి రాస్తే ‘మా సర్వర్ బాగానే ఉంది, తెగింది మీ వైపే’ అన్నారు. సర్వరే పడిపోతే ఏదో ఒకటి చేస్తారు, మన ఒక్కడికే పోతే అంతే సంగతులు. ఒకప్పుడు కొన్ని సైట్లు నెట్ పోయినవాణ్ణి అప్పటిదాకా పెట్టిన డబ్బుకే ఆల్-ఇన్‌గా లెక్కేసేవి, అంటే కార్డులు వదిలేసినట్టు కాకుండా పెట్టినంత వరకు పోటీలోనే ఉంచేవి. కష్టంలో పడగానే కేబుల్ పీకేసే మహానుభావులు తయారయ్యేసరికి ఆ సౌకర్యం ఎత్తేశారు.

ఇక స్పాన్సర్. చొక్కా మీద లోగో వేసుకునే స్పాన్సర్లు పేరున్నవాళ్లకే. మనలాంటివాళ్లకి దొరికేది స్టేకింగ్: ఎంట్రీ డబ్బు స్పాన్సర్‌ది, ఆట మనది, లాభం చెరిసగం. వినడానికి బాగుంటుంది. కానీ ముందు పోగొట్టినదంతా ‘మేకప్’ పేరుతో ఖాతాలో ఉంటుంది, అది తీరాకే లాభం అనే మాట. నా మేకప్ 60,000కి చేరాక ఒకసారి 40,000 గెలిచాను. 30 శాతం టీడీఎస్ పోగా వచ్చిన 28,000 మొత్తం ఆయనకే ఇచ్చాను. పన్ను కోసింది నా పాన్ మీద. ‘గెలిచింది 40,000 కదండీ, మేకప్‌లో అంతా తగ్గించండి’ అన్నాను. ‘నా చేతికి వచ్చింది 28,000 కదా బ్రదర్’ అన్నాడు. గెలిచిన రోజు కూడా నాకు మిగిలింది సున్నా, ఖాతాలో ఇంకా 32,000.

ఆ కింగుల రాత్రి ఎంట్రీ కూడా మేకప్‌లోనే రాశాడు. కరెంటు పోయిందంటే నమ్మలేదు, వీడియో ఉందా అన్నాడు.

ఇవన్నీ వాట్సాప్‌లో రెండు మెసేజ్‌లతో కుదిరిన ఒప్పందాలు. ఆట మానేస్తే మిగిలిన మేకప్ నేనే కట్టాలన్న మాట ముందు ఎక్కడా లేదు, మానేస్తానన్న రోజే వినిపించింది. కట్టలేదు. మూడు నెలలు ఫోన్లు చేసి ఊరుకున్నాడు.

మీ విషయానికొస్తే, 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టంతో డబ్బు పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆటలు దేశమంతటా నిషేధం. శిక్ష ఆడేవాళ్లకి కాదు, ఆడించేవాళ్లకి. బ్యాంకులు కూడా ఆ లావాదేవీలు చేయకూడదు. ఇప్పుడు మీకు స్పాన్సర్ చేస్తానంటున్నాయన వీపీఎన్ (మనం ఏ దేశం నుంచి ఆడుతున్నామో దాచే యాప్) పెట్టుకుని విదేశీ సైట్‌లో ఆడమన్నాడని రాశారు. అక్కడ నెట్ పోయినా, గెలిచిన డబ్బు ఆగినా ఫిర్యాదు ఎవరికి చేస్తారు? ఖాతా ఎవరి పేరున తెరవమంటున్నాడో ముందు అది అడగండి.